ఈసారి నేరం గోదారి మీద వెయ్యకు

పాలకొల్లు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, స్క్రిప్టు కాగితాలు రెండూ చేరాయి. 1964 నాటి ‘మూగమనసులు’ సినిమా కథని ఇవాళ్టి గోదావరి లంకల్లో మళ్లీ చెప్పాలన్న నీ కోరిక మంచి కోరిక. ఆ సినిమా మీద మన డెల్టావాళ్లకి కాస్త సొంతదనం ఎక్కువే. దాన్ని తీసిన ఆదుర్తి సుబ్బారావుగారు రాజమండ్రిలో పుట్టారు. మాటలు రాసిన ముళ్లపూడి వెంకటరమణగారు ధవళేశ్వరంలో పుట్టారు. కాబట్టి నిన్ను ఆపను. ఆపడానికైతే ఇంత పొడుగు ఉత్తరం అక్కర్లేదు.

కాగితాలు చదివాక ఒక సంగతి తేటగా కనబడింది. కథని 1964లోనే ఉంచి, మనుషుల చేతుల్లో సెల్‌ఫోన్లు పెట్టావు. గోపి ఇంకా పడవవాడే, రాధ ఇంకా కామందుగారి అమ్మాయే, చివరికి ఇద్దరూ సుడిలో మునిగిపోతారు. చదువుతుంటే నా కళ్లు తడిశాయి. కాని అవి పాత సినిమా గుర్తొచ్చి వచ్చిన నీళ్లు. నీ రాత వల్ల వచ్చినవి కావు.

ముందు పడవ సంగతి. ఆ సినిమాలో పడవ ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించావా? రాధ కాలేజీకి వెళ్లాలంటే ఏరు దాటాలి, దాటించేవాడు గోపి. గట్టు మీద వాడు ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సినవాడు. ఏటి మధ్యలో తెడ్డు వాడి చేతిలో ఉంటుంది, ఆమె ప్రాణం కూడా వాడి చేతిలోనే ఉంటుంది. పాట సైతం వాడిదే. వాడి యాసలో వాడు పాడి వినిపిస్తే, చదువుకున్న పిల్ల తప్పులు దిద్దించుకుంటూ నేర్చుకుంటుంది. పడవ మీద ఉన్నంతసేపూ వాడు గురువు, గట్టెక్కితే నౌకరు. ఆ ఇద్దరి మధ్య ఎక్కువతక్కువలు రోజూ కాసేపు తలకిందులయ్యే చోటు అదొక్కటే. ఆ ప్రేమ అక్కడ తప్ప ఇంకెక్కడా పుట్టడానికి వీల్లేదు. అప్పటి ప్రేక్షకులకి ఇదంతా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. మన వైపు వాళ్లలో చాలామంది రేవు దాటి వచ్చి హాల్లో కూర్చున్నవాళ్లే.

ఇప్పుడు సిద్ధాంతం దగ్గర వంతెన ఉంది, చించినాడ దగ్గర ఉంది, యానాం ఎదుర్లంకల మధ్య ఉంది. నీ రాధ కాలేజీ బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తలెత్తకుండానే గోదావరి దాటేస్తుంది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఉందిగా అంటావు. ఉంది, నేనూ దాని మీదే దాటుతుంటాను. మోటారు సైకిళ్లు, ఆటోలు, చేపల బుట్టలు, పెళ్లికి వెళ్లే జనం. ఇద్దరు మనసు విప్పుకునే చోటు కాదది.

మరి ఇవాళ్టి పడవ ఎక్కడుంది? నీ స్క్రిప్టు నిలబడేదీ పడిపోయేదీ ఈ ప్రశ్న దగ్గరే. నాకు తోచింది ఒకటి చెబుతాను. నచ్చితే తీసుకో, లేకపోతే వదిలెయ్. భీమవరం వైపు రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉండే కుర్రాణ్ణి చూడు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే పంట మొత్తం పోతుంది. అంటే పగలు ‘ఒరేయ్’ అని పిలిపించుకునే కుర్రాడి చేతిలో, ఆ గంటల్లో, చెరువుగలాయన ఆస్తీ అప్పూ అన్నీ ఉంటాయి. ఆయన కూతురు నాన్న లెక్కలు చూస్తూ, మూడింటికీ నాలుగింటికీ ఫోన్ చేసి ఆక్సిజన్ ఎంతుందని అడుగుతుందనుకో. అది పడవ. ఇద్దరూ చీకట్లో ఒకే నీళ్ల గురించి భయపడుతుంటారు. మాట అక్కణ్ణించి ఎటు తిరుగుతుందో నువ్వే రాయగలవు.

ఇక సుడి. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. 1964లో వచ్చిన ఈ కథలో కూడా, అదే ఏటి ఒడ్డున, భర్త పోయి ఇంటికొచ్చిన రాధ పడవవాడితో నాలుగు మాటలు మాట్లాడితే ఊరికి అది పాపం. ఊరి నోరు తరిమితే ఇద్దరూ పడవెక్కుతారు, సుడి మింగేస్తుంది. జనం ఏడ్చి ఇళ్లకి వెళ్లారు. ఎవరి మీదా కోపం పెట్టుకోకుండా వెళ్లారు, ఎందుకంటే చంపింది ఏరు. పైగా వాళ్లు మళ్లీ పుట్టి భార్యాభర్తలయ్యారని సినిమా మొదట్లోనే చూపించేశారు. ఆనాటికి ఆ ఓదార్పు కావలసి వచ్చింది, దాన్ని నేను తక్కువ చెయ్యను. నీకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఈసారి నేరం గోదారి మీద వెయ్యకు. తోసినవాళ్లకి పేర్లుంటాయి, ముఖాలుంటాయి, వాళ్ల ఇళ్లలోనూ పండగలు జరుగుతాయి. వాళ్లని రాయి.

రీమేకులు నిలిచిందీ పోయిందీ ఇద్దరి మధ్య లోకం కట్టే అడ్డుగోడ దగ్గరే అని నా నమ్మకం. బాలచందర్‌గారు 1978లో ‘మరో చరిత్ర’ విశాఖపట్నంలో తీశారు. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, పక్కపక్క ఇళ్లు, ఒకరి భాష ఒకరికి సరిపడని పెద్దలు. 1981లో అదే కథని హిందీలో ‘ఏక్ దూజే కే లియే’ అని తీసినప్పుడు గోవాకి మార్చారు. దక్షిణాది అబ్బాయి, ఉత్తరాది అమ్మాయి అయ్యారు. ఊరు మారింది, సముద్రం మారింది, గోడ మాత్రం ఇటుక కూడా కదలకుండా నిలబడింది. అందుకే ఆడింది. 2016లో నాగరాజ్ మంజులే మరాఠీలో తీసిన ‘సైరాట్’ చూడు. జాలరి ఇంటి అబ్బాయి, పెత్తనం చేసే కులంలో పుట్టిన అమ్మాయి. కులం ఆ సినిమా ఎముకల్లో ఉంది. 2018లో దాన్నే హిందీలో ‘ధడక్’గా తీసినప్పుడు కులం మాట నోటి చివర మాత్రం మిగిలింది. కొండలూ కోటలూ అందంగా ఉన్నాయి. ఆఖరి దెబ్బ తగిలినప్పుడు మాత్రం, అది ఎక్కణ్ణించి వచ్చి తగిలిందో చూసేవాడికి తెలియదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు. నేను చెప్పేదానికన్నా అవే నీకు ఎక్కువ నేర్పుతాయి.

మన దగ్గర గోడ ఏదో నీకు తెలియక కాదు. రాయడానికి భయపడ్డావు. నీ కాగితాల్లో గోపికి ఇంటిపేరు లేదు, పేట లేదు, వాళ్లమ్మ ఆదివారం ఎక్కడికి వెళుతుందో లేదు. ‘పేదవాడు’ అని రాసి ఊరుకున్నావు. డెల్టాలో ఉత్త పేదవాడు ఎవడూ ఉండడమ్మా. ఏ వీధివాడో, ఏ చెరువు నీళ్లు తాగి పెరిగాడో ఊరందరికీ తెలుసు. అబ్బాయిది చర్చికి వెళ్లే కుటుంబం, అమ్మాయిది హిందూ రైతు కుటుంబం అనుకో. గుడీ వద్దు, చర్చీ వద్దు, ఎవరం మతం మారొద్దు, రిజిస్ట్రారు దగ్గర చేసుకుందాం అనుకున్నారు. అప్పుడు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇవ్వాలి. ఇద్దరి పేర్లు, వయసులు, వృత్తులు, చిరునామాలతో ఆ కాగితాన్ని ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. మన టౌనులో రిజిస్ట్రారు ఆఫీసుకి పొలం పనుల మీద రానివాడెవడు? ఆ గోడ ముందు నుంచి బాబాయిలూ మామయ్యలూ దస్తావేజులు పట్టుకుని నడుస్తుంటారు. ఆ జంటని కాపాడాల్సిన చట్టమే వాళ్లని నెల రోజులు నడిబజార్లో నిలబెడుతుంది. నాకైతే ఏ సుడికన్నా ఆ కాగితమే భయంకరంగా తోస్తుంది. ఇద్దరు మేజర్లు ఒప్పుకుంటే కుటుంబం, కులం, సంఘం అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018లో శక్తివాహిని కేసులో చెప్పింది. ఆ మాట అమ్మాయికి తెలిసి ఉండాలి, గట్టిగా అనాలి కూడా. న్యాయం తమ వైపే ఉందని తెలిసినా, ఆ నెల రోజులు గడవడం ఎంత కష్టమో రాయి.

నదిని వదిలెయ్యమని అనడం లేదు. నదిని చూసి రాయమంటున్నాను. నీ కాగితాల్లో గోదావరి ఎప్పుడూ వెన్నెల్లోనే ఉంది. వరద వచ్చినప్పుడు లంకలవాళ్లు ఏం చేస్తారు? ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ అంకెకి పశువుల్ని గట్టు మీదికి తోలాలో, ఏ అంకెకి ముసలివాళ్లని దాటించాలో అక్కడి పిల్లలకి కూడా తెలుసు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటారు. వెళ్లి వాళ్ల దగ్గర కూర్చో, ఏం పట్టుకుని బయటపడ్డారో అడుగు.

మన యాస గురించి ఒక్క మాట. ప్రతి వాక్యం చివరా ‘అండి’ తగిలించి, మధ్యలో ‘ఆయ్’ పెట్టి నవ్వించే అలవాటు సినిమాలకి ఉంది. నీ గోపి ప్రాణం విసిగిపోయిన రాత్రి కూడా అలాగే మాట్లాడుతున్నాడు. మనవాళ్లు కోపం వస్తే ముక్తసరిగా మాట్లాడతారు, బాధ ఎక్కువైతే అసలు మాట్లాడరు.

హక్కుల సంగతి అడిగావు. సినిమా మీద కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. 1964 సినిమాకి 2024తో ఆ గడువు తీరింది. దాన్ని చూసి ధైర్యం చేసెయ్యకు. పాటలకీ మాటలకీ లెక్క వేరు. రాసినవారు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పాటలు రాసిన ఆత్రేయగారు 1989లో పోయారు, రమణగారు 2011లో. కాబట్టి ఒక్క పాట పల్లవి, ఒక్క మాట వాడుకోవాలన్నా ఈ చట్టం తెలిసిన వకీలుని కలువు. నా మాట వింటే అవేవీ వాడకు. కొత్త కథకి కొత్త పాటలే కావాలి.

చివరగా గౌరి, గోపిని ఇష్టపడిన ఆ రెండో అమ్మాయి. ఆదుర్తిగారే 1967లో హిందీలో ‘మిలన్’ తీసినప్పుడు గోపిగా సునీల్ దత్, రాధగా నూతన్ వచ్చారు. గౌరిగా మాత్రం జమునగారే ఉన్నారు. ఆ వేషానికి ఫిలింఫేర్ సహాయనటి బహుమతీ తెచ్చుకున్నారు. తెలుగులో రాధ వేసిన సావిత్రిగారు 1971లో తమిళంలో తానే ‘ప్రాప్తం’ తీశారు. అన్నేసి మార్పుల మధ్య ఆదుర్తిగారు గౌరిని ఎందుకు అలాగే ఉంచుకున్నారంటావు? గోపీ రాధా పోయాక బతికి, ముసలిదై, కథ చెప్పడానికి మిగిలింది ఆమె. నీ కాగితాల్లో గౌరి మూతి ముడుచుకుని నాలుగు మాటలు అని వెళ్లిపోతుంది. ఆమెను వెనక్కి పిలువు. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు అరుగుల మీద లేసు అల్లుతుంటారు కదా, ఆ చేతిపని ఇవ్వు. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీగా ఉంటాయి, ఊళ్లో ఆమెకి తెలియని మాట ఉండదు.

రిజిస్ట్రారు ఆఫీసులో అంటించిన ఆ కాగితం ఊళ్లో అందరికన్నా ముందు గౌరి కంటపడుతుంది. ఆమెకి గోపి అంటే ఇష్టం. ఎవరికైనా చెబుతుందా, చింపేస్తుందా, చదివి ఊరుకుంటుందా? మిగతావేవీ ఇప్పుడు దిద్దకు. ముందు ఆ ఒక్క సీను రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు