గలిజేరు: ఏది తెలుపు, ఏది ఎరుపు?

ప్రశ్న: మాది ఉప్పల్. పక్క ఖాళీ ప్లాటులో వానలకు గలిజేరు తెగ పెరిగింది. మా నాన్నగారికి కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 3 దాటింది. తెల్ల గలిజేరు తింటే డయాలసిస్ అక్కర్లేదని ఫోన్లో వీడియోలు వస్తున్నాయి. కూర వండి పెట్టొచ్చా?

జవాబు: వద్దండి. గలిజేరు జాతి మొక్కలకు మూత్రాన్ని జారీ చేసే గుణం ఉన్నమాట నిజమే. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ. దెబ్బతిన్న కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. రక్తంలో అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. బీపీకి, వాపులకు ఇచ్చే లోసార్టాన్, స్పిరోనోలాక్టోన్ లాంటి మాత్రలు వాడేవారికి ముప్పు ఇంకా ఎక్కువ. ఆ వీడియోలు ఈ సంగతి ఎత్తవు.

పైగా గలిజేరు పేరుతో రెండు వేర్వేరు మొక్కలు ఉన్నాయి. తెల్ల గలిజేరు వానలకు మొలిచి ఏడాదిలోపే పోతుంది. ఆకు కండగా ఉంటుంది. కాడ మొదట్లో పల్చని పొర సంచిలా కణుపును చుట్టుకుంటుంది, పువ్వు అందులోంచే ఒంటిగా వస్తుంది. ఆయుర్వేదంలో పునర్నవగా ఎక్కువగా వాడేది ఎర్ర గలిజేరు, అంటే అటికమామిడి. ఇది బహువార్షికం. ఎండాకాలం పైభాగం ఎండిపోయినా లోతుకు దిగిన లావు వేరు బతికే ఉండి తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. కణుపుకు రెండాకులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. సన్నని కాడల చివర చిట్టి గులాబీ పూలు గుత్తులుగా పూస్తాయి. కాయ ముట్టుకుంటే వేలికి జిగురుగా అంటుకుంటుంది. ఈ గుర్తు చాలు, పొరబడరు.

కిడ్నీలు బాగున్నవారికి కాళ్ల వాపులకు వైద్యులు ఇచ్చే కషాయం ఇలా ఉంటుంది: 10 గ్రాముల అటికమామిడి ఎండు వేరును నలగ్గొట్టి, 160 మి.లీ. నీళ్లలో సన్నని సెగమీద 40 మి.లీ. అయ్యేదాకా మరిగించి వడగట్టాలి. మూత పెడితే నీరు ఇగరక పలచబడుతుంది. వాపు ఎందుకొచ్చిందో తేలకుండా మొదలుపెట్టొద్దు. గుండె, కాలేయం కూడా కారణం కావచ్చు. గర్భిణులు అసలు వాడకూడదు. ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో చూపించుకుని మోతాదు రాయించుకోవచ్చు.

తెల్ల గలిజేరును కూరకు వాడేవారు లేతాకే కోసి, ఉడికించిన నీళ్లు పారబోసి పెసరపప్పుతో వండుకోవాలి. ఇందులో కిడ్నీ రాళ్లకు దారితీసే ఆక్సలేట్లు ఉంటాయి. రాళ్ల సమస్య ఉన్నవారు మానాలి. రోడ్డుపక్కదీ, కలుపుమందు కొట్టిన ప్లాటులోదీ ఎవరికీ పనికిరాదు.

ప్రశ్న: అటికమామిడి కుండీలో వస్తుందా? (మల్కాజిగిరి)

జవాబు: వస్తుంది. వేరు దిగాలి కాబట్టి అడుగున్నర లోతు కుండీ తీసుకోండి. ఎర్రమట్టిలో మూడోవంతు ఇసుక కలిపి, చిగురున్న వేరుముక్క నాటి ఎండలో పెట్టండి. రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. ఆకు అడుగున తెల్లటి బొబ్బలు కనబడితే తెల్ల తుప్పు తెగులు. ఆ కొమ్మలు కోసి పారేయండి, కషాయానికి వాడకండి.