ఎక్కడి నుంచి కొలిచిందో ముందు చూడు

చిట్టీ,

పొద్దున ఓపీ కిటకిటలాడుతోంది, ఫోన్లో నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. "బాబాయ్, కంటి ముందు భాగం స్కాన్ చేస్తే పెంటాక్యామ్ మెషిన్ ఒక అంకె ఇస్తోంది, ఓసీటీ మెషిన్ ఇంకోటి ఇస్తోంది, ఏది నమ్మాలి?" అన్నావు కదా. రెండూ నిజమే అయ్యుండొచ్చు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు ఐసీఎల్ (కళ్లజోడు అక్కర్లేకుండా కంటి లోపల పెట్టే లెన్స్) పెట్టించుకుంటానని వచ్చాడు. కంటి ముందు గది లోతు, అంటే కార్నియాకీ (కంటి ముందున్న పారదర్శక పొర) కంట్లోని సహజ లెన్స్‌కీ మధ్య దూరం, ఒక ప్రింటౌట్లో 3.26 మిల్లీమీటర్లు, ఇంకోదాంట్లో 2.74. నేను పెద్దది చూసి హాయిగా ఫైల్లో ఎక్కించేశాను. మా సీనియర్ మేడమ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, తేడా ఎంతో తీసెయ్యమన్నారు. 0.52. అంటే 520 మైక్రాన్లు, అచ్చంగా ఆ కుర్రాడి కార్నియా మందం! ఒక మెషిన్ పై పొర నుంచి కొలిచింది, రెండోది దాని లోపలి పొర ఎండోథీలియం నుంచి. ఐసీఎల్‌కి లోపలి నుంచే కనీసం 2.8 ఉండాలి, కాబట్టి ఆ అబ్బాయికి పనికిరాదు. ఆవిడ చూడకపోతే ఏమయ్యేదో, ఇప్పటికీ తల్చుకుంటే టెన్షనే.

కార్నియా వంపు చూసే ప్లాసిడో టోపోగ్రఫీ కంటి మీద పడిన వెలుగు రింగుల ప్రతిబింబాన్నే చదువుతుంది. కన్నీటి పొర ఆరిపోయిందా, రింగులు చెదిరిపోతాయి, అందుకే రెండుసార్లు రెప్ప కొట్టించి అప్పుడు తియ్యి. పైగా అది ముందు వంపు మాత్రమే చెబుతుంది. కెరటోకోనస్ (కార్నియా పల్చబడి శంకువులా ముందుకు ఉబ్బే జబ్బు) అనుమానముంటే వెనక వంపు కూడా కావాలి, దానికి పెంటాక్యామ్‌లాంటి షైంప్‌ఫ్లగ్ కెమెరా ఉండాల్సిందే. కార్నియా మీద మచ్చ ఉంటే మాత్రం ఆ కెమెరా నీలి వెలుగు తడబడుతుంది. అక్కడ ఓసీటీ నయం, దాని వెలుగు ఇన్‌ఫ్రారెడ్ కదా.

యాంగిల్, అంటే కార్నియా, ఐరిస్ (కంటి రంగు పొర) కలిసే మూల, చూసేటప్పుడు గదిలో లైట్లు ఆర్పెయ్యి. వెలుతురులో కనుపాప ముడుచుకుని, మూసుకుపోయే యాంగిల్ కూడా తెరుచుకున్నట్టే కనిపిస్తుంది. రెప్ప ఎత్తేటప్పుడు గుడ్డు మీద వేలు నొక్కకు. ఐరిస్ వెనకాల ఏముందో మాత్రం ఓసీటీకి అందదు, యూబీఎమ్ (కంటి అల్ట్రాసౌండ్ స్కాన్) చెయ్యాల్సిందే. మత్తు చుక్కలేసి, కంటి మీద కప్పు పెట్టి నీళ్లు పోస్తామంటే పేషెంట్లు హడలిపోతారు, ముందే చెప్పి కూర్చోబెట్టు.

ఒకే పేషెంట్‌కి ప్రతిసారీ ఒకే మెషిన్ మీద తియ్యి. పోయినసారి కార్నియా మందం కొలిచే పాకీమీటర్‌తో, ఈసారి ఓసీటీతో చూసి కార్నియా పల్చబడిందని రాస్తే పాపం వాళ్లకి నిద్ర పట్టదు. కాంటాక్ట్ లెన్స్ నిన్న రాత్రే తీశానన్నవాళ్లని వెనక్కి పంపెయ్యి. మెత్తటివైతే కనీసం వారం, గట్టివైతే ఇంకా ఎక్కువ రోజులు తీసి ఉంచాలి.

నీ రెండు ప్రింటౌట్లూ వాట్సాప్‌లో పెట్టు, పేషెంట్ పేరు కప్పేసి. రాత్రి చూస్తాను.

బాబాయ్