మోగ్ దొంగేనా?

ప్రశ్న: ‘ఎల్డెన్ రింగ్’ వీడియో గేమ్‌లో, దైవాంశ ఉన్న పిల్లాడు మికెల్లాను ఎత్తుకుపోయాడని విలన్ మోగ్‌ని తిట్టుకుంటూ చంపాను. ఇప్పుడేమో మా తమ్ముడు, “మోగ్‌ది తప్పేం లేదు, మికెల్లాయే వాణ్ణి వశం చేసుకున్నాడు” అంటున్నాడు. ఈ థియరీ ఎప్పట్నుంచో ఉందట. ఇలా ప్రతి విలన్‌నీ మంచివాణ్ణి చేసేస్తే ఎలాగండీ?

జవాబు: మీ తమ్ముడు సగం గెలిచాడు. ఆ సగం ఎందుకో చెప్పాలంటే 2024 జూన్‌లో ఆ గేమ్‌కి కొనసాగింపుగా వచ్చిన అదనపు భాగం ‘షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ’ కథంతా బయటపెట్టాలి. ఇంకా ఆడనివాళ్లు ఇక్కడే పేజీ తిప్పెయ్యండి.

నేనూ ఈ థియరీని కొట్టిపారేసినదాన్నే. అదీ సాక్ష్యం సంచిలో పెట్టుకుని! ‘బివిచింగ్ బ్రాంచ్’ అని ఓ కొమ్మ ఉంటుంది గుర్తుందా? దాంతో శత్రువుని పొడిస్తే వాడు కాసేపు మన పక్షాన కొట్లాడతాడు. తయారీకి మికెల్లా పేరున్న లిల్లీపువ్వు కావాలి. ఎన్ని కొమ్మలు వాడానో లెక్కలేదు కానీ, దాని కింద ఏం రాశారో మాత్రం చదవలేదు. తీరా చదివితే, మికెల్లాను ఎంతోమంది ప్రేమిస్తారనీ, ఆ ప్రేమను ఎలా రాబట్టుకోవాలో ఆయన బాగా నేర్చుకున్నాడనీ ఉంది. ప్రేమను రాబట్టడమట, మొండి బాకీలా! 2022లో గేమ్ వచ్చినప్పట్నుంచీ ఈ ముక్క అందరి కళ్లముందే ఉంది. అందుకే దీన్ని ఉత్త ఊహ అనలేను.

రెండేళ్ల తర్వాత ఆన్స్‌బాక్ వచ్చి మిగతాది చెప్పాడు. మోగ్ దగ్గర కొలువు చేసిన ముసలాయన. తన దొరని ఆ మాయ నుంచి విడిపించాలని మికెల్లాకి ఎదురు తిరిగితే, చివరికి తన మనసే పోగొట్టుకున్నాడట. పైగా మనం చంపిన మోగ్ ఒంట్లోనే, మికెల్లాకి అన్న వరసయ్యే యోధుడు రడాన్ ప్రాణాన్ని నింపారు. దొంగ అనుకున్నవాడి శవాన్ని కూడా వదల్లేదన్నమాట.

మరి మిగతా సగం? రాజధాని అడుగున, మురికి కాలువల్లో బందీగా పెరిగినవాడు మోగ్. ‘రూపంలేని తల్లి’ అనే, గాయాలు కోరే దేవతని కలిసింది వాడే, తన శాపపు రక్తం మీద మోజు పడిందీ వాడే. ఆ రక్తపు పిచ్చిని కూడా మికెల్లా ఖాతాలో రాసేవాళ్లతో నాకు పేచీ. అపహరణ కేసు కొట్టేద్దాం, సరే. మిగతా కేసులు అలాగే ఉన్నాయి.

నాకు నిద్రపట్టనిది రడాన్ సంగతి. మికెల్లాకి తోడుగా ఉంటానని అతను ఒప్పుకున్నాడా, లేదా? చివరి దృశ్యంలో చిన్నపిల్లాడైన మికెల్లా ఒక్కడే మాట్లాడతాడు. తాను దేవుణ్ణయి లోకాన్ని మెత్తగా మార్చేస్తాననీ, తనకు తోడుగా ఉంటానని మాటివ్వమనీ అడుగుతాడు. అన్న జవాబు మనకి వినిపించరు. ఒప్పుకోలేదనే నా పంతం. తన బరువు మొయ్యలేని బక్క గుర్రాన్ని వదులుకోలేక గురుత్వ విద్య నేర్చుకున్న మనిషి, ఒకడు రమ్మనగానే దేవుడి పక్కన బొమ్మలా నిలబడతాడా? కానీ అదే మాటల్లో మికెల్లా “మన ప్రమాణం” అంటాడు. అది నా వాదనకి అడ్డమే. దాచను.

ఇక మంచివాణ్ణి చెయ్యడం గురించి. దేవుడయ్యే దారి పొడుగునా తనలోంచి ఒక్కొక్కటీ వదిలేసుకుంటూ పోయిన మికెల్లా, ప్రేమను కూడా పారేశాడు. ఆ ప్రేమే ట్రీనా. ఆమె ఇచ్చే విషపు మకరందం తాగి, చచ్చి, మళ్లీ తాగి, మళ్లీ చస్తే గానీ ఆమె మాట మనకి వినపడదు. అంతా అయ్యాక ఆమె కోరేదేమిటో తెలుసా? మికెల్లాను చంపమని. దైవత్వం వాడికి చెరసాలట.

ప్రశ్న: జెల్డా గేముల్లో విలన్ గానన్‌డార్ఫ్ మీద మీ థియరీ ఏమిటి?

జవాబు: నా థియరీ దేనికి, 2002 నాటి జెల్డా గేమ్ ‘విండ్ వేకర్’లో ఆయనే చెప్పుకున్నాడు. తన దేశం ఎడారి. పగలు గాలి కాల్చేస్తుంది, రాత్రి గాలి కొరికేస్తుంది, ఎటు వీచినా చావే. పచ్చటి హైరూల్ రాజ్యపు గాలి అలా కాదు. ఆ గాలి మీద ఆశపడ్డానంటాడు. ఇంత చెప్పీ జాలిపడమని అడగడు. రెండు కత్తులూ దూస్తాడు.