షోకు ఎక్కడి మాట?

ప్రశ్న: ‘షోకు’ ఇంగ్లీషు ‘షో’ నుంచి వచ్చిందా? ‘సోకు’ అని రాస్తే తప్పా?

జవాబు: ‘షో’కూ దీనికీ చుట్టరికం లేదు. అరబ్బీలో ‘షౌక్’ అంటే తపన, బలమైన కోరిక. ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరింది. ‘ఔ’ కాస్తా ‘ఓ’ అయి, చివర ‘ఉ’ చేరింది. ‘మౌజ్’ ‘మోజు’ అయిందీ ఇలాగే. అసలు విశేషం అర్థంలో ఉంది. ఉర్దూలో అది మనసులోని ఇష్టమే. తెలుగులో ఆ ఇష్టం ఒంటిమీదికొచ్చి అలంకరణ అయింది.

అందుకే సొగసు పుట్టుకతోనూ ఉండొచ్చు గానీ, షోకు చేసుకోవాల్సిందే. ‘సొగసు చేసుకుంది’ అనం కదా! ‘షోకుగా ఉన్నాడు’ మెప్పు. ‘షోకులు పోతున్నాడు’ దెప్పు. బహువచనంలోకి వెళ్తే మాట కాస్త పుల్లబడుతుంది, చూసి వాడండి.

‘సోకు’ అని పలకడం వాడుకలో ఉన్నదే, తప్పనలేం. రాతలో మాత్రం ‘షోకు’ మేలు. ‘గాలి సోకింది’, ‘జబ్బు సోకింది’ అన్నప్పటి ‘సోకు’ తాకడమనే అర్థంలో వేరే క్రియ. ‘శోకు’ అని మాత్రం రాయకండి, శోకం గుర్తొస్తుంది.