ఈల ఎవరిది?

ప్రశ్న: సంక్రాంతికి మా ఊళ్లో జరిగిన వాలీబాల్ పోటీల ఫైనల్లో ఎదుటి జట్టు కుర్రవాడు సర్వీసుకు బంతి పైకి విసరగానే మావాళ్లలో ఎవరో ఈల వేశారు. అతడు ఆగిపోయాడు, బంతి కింద పడింది. ఆ గొడవలో ఆట అరగంట నిలిచిపోయింది. మా జట్టుకు ఎర్ర కార్డు చూపించాలని అవతలి ఊరివాళ్లు, చూడవచ్చినవాడు చేసినదానికి ఆడేవాళ్లను శిక్షించడమేమిటని మావాళ్లు వాదించుకున్నారు. ఎవరిది న్యాయం?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: నిబంధనల వరకు చూస్తే మీవాళ్లదే న్యాయం. పసుపు కార్డయినా, ఎదుటి జట్టుకు పాయింటును, సర్వీసును ఇచ్చే ఎర్ర కార్డయినా ఆటగాళ్లకు, కోచ్‌కు, బెంచీ మీదివాళ్లకు చూపించేవే తప్ప జనానికి కాదు. బయటినుంచి ఆటకు అడ్డు తగిలినప్పుడు రిఫరీ ఆట ఆపి ఆ ర్యాలీని, అంటే సర్వీసు నుంచి పాయింటు తేలేదాకా సాగే ఆటను, మళ్లీ ఆడిస్తారు. ఆట అరగంట ఆగినా అదే కోర్టులో కొనసాగితే పాత స్కోరుతో, అదే ఆటగాళ్లతో, అవే స్థానాల నుంచి మొదలుపెట్టాలి.

అయితే, ఈ వాదనలో గెలిచామని మీవాళ్లు సంబరపడితే మాత్రం నేను ఒప్పుకోను. వాలీబాల్‌లో ఈల అంటే రిఫరీ నోటిమాట. ర్యాలీ మొదలయ్యేదీ ముగిసేదీ దానితోనే; ఆ ఈల వినబడ్డాక ఎనిమిది సెకన్లలోపు సర్వీసు చేయాలి కనుక ఆ కుర్రవాడి చెవి దానిమీదే ఉంటుంది. డప్పు కొట్టండి, పేరు పెట్టి అరవండి, అదంతా పండగ సందడే. దొంగ ఈల మాత్రం రిఫరీ గొంతును అనుకరించి ఆటగాణ్ణి మోసగించడమే. బంతి గీత దగ్గర పడబోతుంటే గట్టుమీదినుంచి ‘అవుట్, అవుట్’ అని కేకలు వేయడమూ ఇలాంటిదే. వెనక ఉన్న కుర్రవాడు అది తన జట్టువాడి గొంతనుకుని చెయ్యి వెనక్కు తీసుకుంటాడు, బంతి వచ్చి సున్నపు గీత మీదే పడుతుంది. గీతను ఏ కాస్త తాకినా బంతి లోపల పడినట్టే కనుక పాయింటు పోతుంది. ఈ కేకకు చాలాసార్లు సొంత ఊరి జట్టే బలవుతుందన్నది వేరే ముచ్చట.

జనం ఇంతగా ఊగిపోవడానికి లెక్కింపు పద్ధతి కూడా ఒక కారణమని నా అభిప్రాయం. 1990ల చివరిదాకా, అయిదో సెట్టు మాట పక్కన పెడితే, సర్వీసు చేసిన జట్టుకే పాయింటు వచ్చేది. ఇప్పుడు ప్రతి ర్యాలీకీ ఎవరో ఒకరికి పాయింటు వస్తుంది కాబట్టి సెట్టు చివర్లో 23–23 దగ్గర ఒక్క కేక సెట్టునే తారుమారు చేయగలదు.

నిర్వాహకులు ముందు చేయవలసిన పని తాడు కట్టడం. కోర్టు చుట్టూ కనీసం మూడు మీటర్ల ఖాళీ ఉండాలని నిబంధన. ఊళ్లలో పిల్లలు గీతకు కాళ్లు ఆనించి కూర్చుంటారు. వాళ్ల వెనక పెద్దవాళ్లు నిలబడితే జంప్ సర్వీసుకు పరుగెత్తే చోటు ఉండదు, మూలన జెండా పట్టుకున్న లైన్ అంపైర్‌కు గీత కనబడదు. ఆ తర్వాత తీర్పు తప్పని తిట్టేది కూడా ఆ అడ్డం నిలబడ్డవాళ్లే! నాలుగు వెదురు కర్రలు పాతి, తాడు కట్టి, ఈలలు వేయవద్దని మైకులో ముందే చెప్పిస్తే సగం గొడవలు పుట్టవు.

ప్రశ్న: మా అబ్బాయి నెట్ దగ్గర ఎదుటివాళ్ల బంతిని అడ్డుకునే బ్లాక్‌కు ఎగిరినప్పుడు బంతి వేలికి తగిలి బయటపడింది. రిఫరీ చూడలేదు. తగిలిందని వాడే చెయ్యెత్తి ఒప్పుకుంటే ‘మన పాయింటు అమ్మేశాడు’ అని మా ఊరివాళ్లే తిట్టారు. వాడు చేసింది తెలివితక్కువ పనా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: కాదమ్మా. అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య 2023 నేషన్స్ లీగ్‌లో ఇలా తమంతట తాము ఒప్పుకున్నవారికోసమే ఆకుపచ్చ కార్డు ప్రవేశపెట్టింది. అది శిక్ష కాదు, మెచ్చుకోలు. మీ ఊరి పోటీల్లో ఆ కార్డు లేకపోయినా, ఈసారి వాడు చెయ్యెత్తినప్పుడు ముందు మీరు చప్పట్లు కొట్టండి.