జపనీస్‌కు తెలుగు నుంచి నేరుగా దారి ఉంది

ఉద్యోగం చేసుకుంటూ జపనీస్ సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీలో, కింది నుంచి రెండో స్థాయి అయిన ఎన్4 పాసయ్యానని, అయినా మాట్లాడబోతే నోరు పెగలడం లేదని, నేర్చుకున్నది కూడా కొన్ని నెలల్లోనే జారిపోతోందని, ఏం చేయాలని మీరు అడిగారు. నేను శ్రీసిటీలో ఒక జపనీస్ కర్మాగారంలో, నాణ్యత విభాగంలో పనిచేస్తాను. రోజూ ఆ భాషలో మాట్లాడతాను, అప్పుడప్పుడు మాటలు పడతాను కూడా. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

నోరు పెగలకపోవడంలో వింతేమీ లేదు. జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష లేదు, సొంతంగా రాసే పరీక్షా లేదు. విని, చదివి, సరైన జవాబు గుర్తిస్తే చాలు. దానికి తోడు మనకు దొరికే పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. దాంతో తెలుగులో పుట్టిన ఆలోచనను ముందు ఇంగ్లీషులోకి మార్చి, ఆ వాక్యాన్ని మళ్ళీ తలకిందులు చేసి జపనీస్‌లో పెడతాం. మధ్యలో ఈ మజిలీ ఎందుకు?

‘వతాషి గ కినో కత్త హొన్’ అంటే ‘నేను నిన్న కొన్న పుస్తకం’. మాటల వరుస మారనే లేదు. మన నుంచి, వరకు, కు లాగే వాళ్ళ కర, మదె, ని కూడా నామవాచకం వెనకే వస్తాయి. ‘తొ ఇత్త’ అంటే ‘అని అన్నాడు’. ఇంకా ముచ్చటైనవి ఉన్నాయి. ‘తబెతె మిరు’ అంటే తిని చూడటం, ‘కత్తె ఒకు’ అంటే కొని పెట్టడం. మిరు అంటే చూడటమే, ఒకు అంటే పెట్టడమే. మనుషులను లెక్కపెట్టడానికి మనకు ఒకరు, ఇద్దరు ఉన్నట్టు వాళ్ళకు హితొరి, ఫుతరి ఉన్నాయి. ఇంగ్లీషు పుస్తకం పేజీలకు పేజీలు వివరించే సంగతులు మనకు ఒక్క వాక్యంలో అర్థమవుతాయి. అక్షరాల వరుస కూడా అ ఇ ఉ ఎ ఒ, ఆపై క స త న అని సాగుతుంది. బౌద్ధంతో పాటు జపాన్ చేరిన భారతీయ వర్ణక్రమం ప్రభావం అది.

అంకెల్లోనూ ఇంతే. వాళ్ళు పదివేలను ‘మన్’ అని ఒక మెట్టుగా లెక్కిస్తారు. లక్ష అంటే పది మన్, కోటి అంటే వెయ్యి మన్. మిలియన్ల మీదుగా లెక్కవేసేవాళ్ళు సమావేశాల్లో తడబడుతుంటే నేను చాలాసార్లు చూశాను.

తెలుగు అక్కరకు రాని చోటు కూడా ఉంది. మనం బయటివాళ్ళ ముందు మన మేనేజరును ‘గారు’ అనకపోతే మర్యాద తప్పినట్టే. జపనీస్‌లో మాత్రం బయటి కంపెనీవాళ్ళతో మాట్లాడేటప్పుడు సొంత మేనేజరు పేరుకు, మన ‘గారు’ లాంటి ‘సాన్’ తగిలించకూడదు. మనవాళ్ళను తగ్గించి, ఎదుటివాళ్ళను హెచ్చించాలి. నాకు నాలుక ఇప్పటికీ అంత తేలిగ్గా తిరగదు.

ఇక నిలుపుకోవడం. నాకు బాగా పనికొచ్చింది నిప్పో, అంటే రోజు చివర రాసే పని నివేదిక. ఇవాళ ఏం జరిగింది, ఏం మిగిలింది, రేపు ఏం చేయాలి అన్నవి అందులో ఉంటాయి. మీ ఉద్యోగంలో జపనీస్ అవసరం లేకపోతే ఇంటి నిప్పో రాయండి. గ్యాస్ సిలిండర్ వచ్చింది, కరెంటు బిల్లు కట్టలేదు, రేపు బ్యాంకుకు వెళ్ళాలి వంటి మూడు వాక్యాలు చాలు. రాసిన తర్వాత కాగితం పక్కన పెట్టి, అవే పైకి చెప్పి ఫోనులో రికార్డు చేసుకోండి. మన బతుకులో రోజూ వచ్చే మాటలు కొన్నే కాబట్టి అవే తిరిగి తిరిగి వస్తాయి, నోటికి అలవాటవుతాయి. రాయలేకపోయిన మాటే మర్నాడు నేర్చుకోవలసిన మాట.

అలా దొరికిన మాటలను అంకి అనే సాఫ్ట్‌వేర్‌లో, ముందు జపనీస్, వెనక అర్థం ఉండే కార్డులుగా వేసుకోండి. మనం మర్చిపోబోయే సమయానికి ఏ కార్డును మళ్ళీ చూపాలో అదే లెక్కగడుతుంది. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉచితం. విడి మాట కాకుండా వాక్యం మొత్తం రాయండి, వెనక అర్థం తెలుగులోనే ఉండాలి. పని ఒత్తిడి ఉన్న రోజుల్లో కొత్త కార్డులు పూర్తిగా ఆపేయండి, పాతవి తిరగేయడం మాత్రం మానకండి.

కంజీల (చైనా నుంచి వచ్చిన లిపి గుర్తుల) విషయంలో నా మాట మీ సెన్సెయ్‌కి, అంటే మీ గురువుకు, నచ్చకపోవచ్చు. నిత్య వాడుకకు అక్కడి ప్రభుత్వం నిర్ణయించిన జాబితాలో 2,136 ఉన్నాయి. వాటన్నిటినీ చేత్తో రాసి దిద్దుకునే తీరిక ఉద్యోగస్థులకు ఉండదు. ఫోనులో ఉచ్చారణ టైపు చేస్తే కంజీలు వరుసగా కనిపిస్తాయి, సరైనదాన్ని గుర్తుపట్టడం వస్తే పని జరిగిపోతుంది. పేరు, చిరునామా, తేదీ, మీ వృత్తికి సంబంధించిన కొన్ని మాటలు చేత్తో రాయడం నేర్చుకుంటే నా దృష్టిలో సరిపోతుంది.

చదవడానికి ‘తదొకు’, అంటే ఎక్కువగా చదవడం అనే పద్ధతి పట్టుకోండి. తేలికైన పుస్తకంతో మొదలుపెట్టాలి, నిఘంటువు చూడకూడదు, అర్థం కానిచోట దాటేయాలి, విసుగు పుడితే పుస్తకమే మార్చేయాలి. నియమాలు ఇవే. ఇందుకోసమే స్థాయిల వారీగా రాసిన చిన్న పుస్తకాలు తదొకు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎన్4 ఉంది కదా అని పై స్థాయికి వెళ్ళకండి. సున్నా స్థాయి పుస్తకాల్లో నాలుగు మాటలు, మిగతా అంతా బొమ్మలే. ఒక సాయంత్రం కూర్చుంటే నాలుగైదు పూర్తవుతాయి, మరుసటి వారం ఒకటో స్థాయికి వెళ్ళవచ్చు.