ఆకుల లెక్కలు కలవకపోతే తప్పు మీదేనా?

ప్రశ్న: బీఎస్సీ బోటనీ చివరి ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టులో ఒకే చెట్టు ఆకులు కొలిస్తే ఎండ కొమ్మకీ నీడ కొమ్మకీ లెక్కలు కలవడం లేదు. తప్పు చేశానేమోనని టెన్షన్‌గా ఉంది. సబ్జెక్టు మాత్రం బాగా నచ్చింది. ఇందులో కెరీర్ ఉంటుందా?

జవాబు: మీ లెక్కలు కలవకపోవడమే సరైన ఫలితం. ఎండలో పెరిగిన ఆకు చిన్నగా, మందంగా ఉంటుంది. నీడలోది వెడల్పుగా, పల్చగా పరుచుకుంటుంది. దొరికే కాస్త వెలుతురునూ పట్టుకోవాలి కదా! అందుకే ఆకు వైశాల్యాన్ని ఎండు బరువుతో భాగించినప్పుడు వచ్చే 'స్పెసిఫిక్ లీఫ్ ఏరియా' నీడ ఆకుకే ఎక్కువ.

ఈ తేడాలో చోటు వల్ల వచ్చింది ఎంత, పుట్టుకతో వచ్చింది ఎంత? మొక్కల లక్షణాలను కొలిచే ఈ రంగమంతా తిరిగేది ఈ ప్రశ్న చుట్టూనే. క్లాసెన్, కెక్, హీసే అనే శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలో ఒకే మొక్కను ముక్కలు చేసి, సముద్రమట్టానికి దగ్గర్లో ఒకటి, కొండ నడుమ ఒకటి, 3 వేల మీటర్ల ఎత్తున ఒకటి నాటి చూశారు. ముక్కలన్నిటి పుట్టుకా ఒకటే కాబట్టి, తేడా వస్తే అది చోటుదే. 1940లో ఆ ఫలితాలు ప్రచురించారు. చోటే కాదు, కాలం మారినా ఆకు మారుతుంది. హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట, దాచిన పాత ఆకులను వుడ్‌వర్డ్ అనే శాస్త్రవేత్త పరిశీలించి, రెండు వందల ఏళ్లలో పత్రరంధ్రాల (ఆకు గాలి పీల్చే సన్నని రంధ్రాల) సాంద్రత 40 శాతం దాకా తగ్గిందని 1987లో చూపించారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరగడమే దానికి కారణమన్నారు. ఈ ఉదాహరణ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక కెరీర్. ఎమ్మెస్సీలో ప్లాంట్ ఎకాలజీ, అంటే మొక్కలకూ పరిసరాలకూ ఉన్న సంబంధాన్ని చదివే సబ్జెక్టు, తీసుకోండి. మొక్కల మీద ప్రేమ ఉండి కూడా చాలామంది ఆగిపోయేది స్టాటిస్టిక్స్ దగ్గరే. అందుకే ఆ లెక్కలకు వాడే 'ఆర్' (R) ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలుపెట్టండి. సాధనకు డేటా కావాలంటే, 2007లో మొదలైన 'ట్రై' (TRY) అనే మొక్కల లక్షణాల అంతర్జాతీయ డేటాబేస్ ఉంది. పరిశోధన దారి పొడవైనది, పోస్టులు తక్కువ, ఆ మాట దాచను. అయితే కరవును తట్టుకునే పంట రకాల ఎంపికలోనూ, అడవుల పునరుద్ధరణలోనూ, వాతావరణ నమూనాలు (క్లైమేట్ మోడల్స్) తయారు చేసే బృందాల్లోనూ ఈ కొలతలు తెలిసినవాళ్లు కావాలి.

ప్రస్తుతానికి ఆ లెక్కలు పారేయకండి. ఆ కొమ్మలనే వచ్చే సీజన్‌లో మళ్లీ కొలవండి. తేదీ, కొమ్మ ఎత్తు, ఆకు లేతదో ముదురుదో ప్రతిసారీ రాసుకోండి. ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర, బరువు ఇక తగ్గదన్నంత వరకు ఎండబెట్టాకే తూకం వేయండి.